నాయకుల జీవిత చరిత్రల్లో సొంత వాక్యం ఎంతవరకు, మూలం ఎంతవరకు?

ప్రశ్న — మూలాన్వేషి

నమస్కారం. తెలుగు వికీపీడియాలో ఒక మాజీ మంత్రి గురించిన వ్యాసాన్ని విస్తరిస్తున్నాను. ఆయన జీవించి ఉన్నారు కనుక పేరు ఇక్కడ రాయడం లేదు. సమస్య ఆయన ఒక్కరికే సంబంధించినది కూడా కాదు. నేను చేయి పెట్టేనాటికి ఆ వ్యాసం కొద్ది వాక్యాల మొలక మాత్రమే. చట్టసభ ప్రచురించిన సభ్యుల పరిచయ పుస్తకం, రెండు దినపత్రికల కథనాలు, ఎన్నికల్లో ఆయన దాఖలు చేసిన అఫిడవిట్లు దగ్గర పెట్టుకొని దాన్ని ఒక పూర్తి వ్యాసంగా మలిచాను.

అప్పటి నుంచి రెండు వైపుల నుంచీ అభ్యంతరాలు వస్తున్నాయి. 'బాల్యం, విద్య' విభాగం పరిచయ పుస్తకంలోని పేరాలకు మాటలు మార్చినట్టుగా ఉందని, అది కాపీహక్కుల ఉల్లంఘన అవుతుందని ఒక సీనియర్ వాడుకరి ఆ విభాగాన్ని తొలగించారు. సరేనని, ఆయన రాజకీయ జీవితాన్ని మూడు దశలుగా విడదీసి, ఒక్కొక్క దశకు నా మాటల్లో ఒక పేరు పెట్టి, ఆయన పార్టీ మారడానికి కారణమేమిటో ఆ ఏడాది జరిగిన పరిణామాలను బట్టి వివరిస్తే, అది మౌలిక పరిశోధన (ఏ మూలంలోనూ లేని సొంత నిర్ధారణ) అవుతుందని మరొకరు ఆ భాగాన్నీ తీసేశారు. మూలానికి దగ్గరగా ఉంటే నకలు, దూరంగా జరిగితే సొంత కల్పన అన్నట్టుగా ఉంది. ఈ రెంటికీ మధ్య నిలబడడానికి చోటు ఎక్కడ?

దీనితో పాటు మరో రెండు సందేహాలున్నాయి. పరిచయ పుస్తకంలో ఉన్న పుట్టిన తేదీ ఒకటి, ఒక పత్రిక ఇచ్చినది మరొకటి. అఫిడవిట్‌లోని వయసుతో లెక్క వేస్తే ఆ రెంటిలో ఏదీ సరిపోవడం లేదు. ఇక ఆయనపై ఉన్న ఒక కేసు గురించి పత్రికలు తలా ఒక తీరుగా రాశాయి. వాటిని ఉన్నదున్నట్టు ఎత్తి రాయకుండా సొంత మాటల్లో చెప్పబోతే అర్థమే మారిపోతోందేమోనని భయంగా ఉంది.

సమాధానం — పాతదస్త్రం

మూలాన్వేషి గారూ, మీకు అభ్యంతరం చెప్పిన ఇద్దరి మాటలూ ఒకదానికొకటి విరుద్ధమైనవి కావు. మొదటివారు వాక్యం గురించి మాట్లాడారు, రెండవవారు విషయం గురించి మాట్లాడారు. నలుగురూ కలిసి రాసే జీవిత చరిత్రలో రాసేవారికి స్వేచ్ఛ ఉన్నది వాక్యంలో, అమరికలో, దేనికి ఎంత చోటు ఇవ్వాలన్న నిర్ణయంలో. విషయంలో మాత్రం ఆ స్వేచ్ఛ బొత్తిగా లేదు. మీరు స్వేచ్ఛ ఉన్నచోట దాన్ని వాడుకోకుండా, లేనిచోట వాడుకున్నారన్నదే ఆ ఇద్దరి అభ్యంతరాల సారాంశమని నాకు తోస్తోంది.

ముందు నకలు సంగతి చూద్దాం. ఆలోచనకు, ఇతివృత్తానికి, చారిత్రక వాస్తవానికి కాపీహక్కు ఉండదని, వాటిని రచయిత వ్యక్తం చేసిన రూపానికి, తీరుకు, అమరికకు మాత్రమే రక్షణ ఉంటుందని భారత సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్, డీలక్స్ ఫిలింస్ మధ్య నడిచిన వ్యాజ్యంలో స్పష్టంగా చెప్పింది. కనుక ఫలానా నాయకుడు ఫలానా సంవత్సరంలో న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకున్నారన్న సంగతి ఎవరి సొత్తూ కాదు. కానీ ఆ తీర్పులోని 'అమరిక' అనే మాటను చాలామంది పట్టించుకోరు. పరిచయ పుస్తకం తండ్రి వృత్తితో మొదలుపెట్టి, విద్యార్థి ఉద్యమం మీదుగా, జైలు జీవితానికి వచ్చి, వివాహంతో ముగించిందనుకోండి. మీరు కూడా అదే వరుసలో, అదే మోతాదులో, 'జన్మించారు' అన్నచోట 'పుట్టారు' అని, 'అభ్యసించారు' అన్నచోట 'చదివారు' అని రాసుకుంటూ పోతే, మాటలు మీవే అయినా పేరా మాత్రం వాళ్లదే. ప్రభుత్వం ప్రచురించినదే కదా, అందరిదీ కదా అన్న వాదన కూడా మన దగ్గర నిలవదు. అమెరికా సమాఖ్య ప్రభుత్వ ఉద్యోగులు తమ విధుల్లో భాగంగా రాసినదానికి అక్కడి చట్టం ప్రకారం కాపీహక్కు లేదు కాబట్టి, వాళ్ల కాంగ్రెస్ సభ్యుల అధికారిక పరిచయాలను ఎత్తి రాసుకోవడం ఇంగ్లీషు వికీపీడియాలో మామూలే. భారతదేశంలో 1957 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వ ప్రచురణలకు ప్రచురించిన తరువాత 60 ఏళ్ల పాటు రక్షణ ఉంటుంది. అక్కడి అలవాటును చూసి ఇక్కడ కూడా చెల్లుతుందనుకోవడం వల్లనే ఇలాంటి తొలగింపులు ఎక్కువగా జరుగుతున్నాయి.

దీనికి పర్యాయపదాలు మందు కావు. ఒకే మూలం మీద ఆధారపడి రాసిన పేరాలో, మీరు ఎంత తెలివిగా మాటలు మార్చినా, ఆ మూలం ఎముకల గూడు బయటికి కనబడుతూనే ఉంటుంది. రెండవ మూలం, వీలైతే మూడవది కూడా చేరినప్పుడే అమరిక దానంతట అది మారుతుంది. ప్రతి సంగతినీ విడివిడిగా, దాని పక్కనే మూలాన్నీ పుట సంఖ్యనూ వేసి రాసుకోండి. ఆ తరువాత పుస్తకాలు మూసి, ఆ చీటీలను చూసి మాత్రమే పేరా రాయండి. చివరగా మళ్లీ పుస్తకాలు తెరిచి పోల్చండి. ఈ చివరి పోలికను చాలామంది నకలు ఉందేమో చూసుకోవడానికి మాత్రమే చేస్తారు. నిజానికి అది అంతకంటే ముఖ్యమైన మరో పనికి అవసరం: మాట మార్చడంలో సంగతి మారిందేమో చూసుకోవడానికి.

ఈ ప్రమాదం గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే రాజకీయ నాయకుల జీవిత చరిత్రల్లో ఇది మిగతా వ్యాసాల్లోకన్నా తీవ్రంగా ఉంటుంది. మీరు అడిగిన కేసు సంగతే తీసుకోండి. ఫిర్యాదు అందడం ఒకటి, ఎఫ్ఐఆర్ నమోదు కావడం మరొకటి; దర్యాప్తు ముగిసి పోలీసులు ఛార్జిషీటు దాఖలు చేయడం వేరు, దాన్ని పరిశీలించి కోర్టు అభియోగాలు ఖరారు చేయడం వేరు; విచారణ జరిగి దోషిగా తేలడం వేరు, శిక్ష పడడం వేరు. ముగింపులో కూడా, హైకోర్టు కేసును కొట్టివేయడం, విచారణకు ముందే నిందితుడిని డిశ్చార్జి చేయడం, ప్రభుత్వం ప్రాసిక్యూషన్‌ను ఉపసంహరించుకోవడం, పూర్తి విచారణ తరువాత నిర్దోషిగా విడుదల చేయడం అనేవి నాలుగు వేర్వేరు ఫలితాలు. పత్రికలో 'ఛార్జిషీటు దాఖలైంది' అని ఉన్నదాన్ని సొంత మాటల్లో చెప్పాలన్న తాపత్రయంతో 'అవినీతి కేసులో చిక్కుకున్నారు' అని రాస్తే, ఏ దశలో ఉన్నదో చెప్పని, అన్ని దశలనూ ధ్వనించే వాక్యం ఒకటి తయారవుతుంది. 'కేసు నుంచి బయటపడ్డారు' అన్న వాక్యమూ అంతే. నాలుగు ఫలితాల్లో ఏది అన్నది అందులో లేదు. రెండేళ్లు లేదా అంతకుమించి శిక్ష పడితే చట్టసభ సభ్యత్వమే పోయే దేశంలో, 'నిందితుడు' అన్నచోట 'దోషి' అని పడడం కేవలం భాషాదోషం కాదు. ఇలాంటి చోట సొంతదనం చూపవలసిన అవసరం ఏమాత్రం లేదు. ఏ కోర్టు, ఏ తేదీ, ఏ దశ అన్నవి మూలంలో ఉన్నట్టే రాయండి. వాటిని వేరే మాటల్లో చెప్పలేదని మీపై ఎవరూ నకలు ఆరోపణ చేయరు.

పదవుల విషయంలోనూ ఇదే జరుగుతుంది. స్వతంత్ర హోదా కలిగిన సహాయ మంత్రిని 'మంత్రి' అని కుదిస్తారు, తాత్కాలిక స్పీకరును 'స్పీకరు' చేస్తారు, రాజ్యసభకు నామినేట్ అయినవారిని 'ఎన్నికయ్యారు' అంటారు. పాత తరం నాయకుల దగ్గరికి వస్తే చరిత్రే తారుమారవుతుంది. టంగుటూరి ప్రకాశం పంతులు 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి. 1956 నవంబరు 1న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్‌కు తొలి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. మూలంలో 'ఆంధ్ర రాష్ట్రం' అని ఉన్నదాన్ని, పాఠకుడికి సులువుగా అర్థమవుతుందనో, కొత్తగా ఉంటుందనో 'ఆంధ్రప్రదేశ్' అని మార్చిన మరుక్షణం ఇద్దరు తొలి ముఖ్యమంత్రులు తయారవుతారు. అదే ప్రకాశం 1946, 47 సంవత్సరాల్లో మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానిగా పనిచేశారు. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం కింద ఏర్పడిన రాష్ట్ర మంత్రివర్గాల అధినేతలను అప్పట్లో అలాగే పిలిచేవారు. ఆ సంగతి తెలియని వారు 'ప్రధాని' అన్నది అచ్చుతప్పు అనుకొని దిద్దుతారు, తెలిసినవారు తిరిగి పెడతారు, ఒక్క వివరణ వాక్యం లేకపోవడం వల్ల ఈ దిద్దుబాట్లు ఏళ్ల తరబడి సాగుతూనే ఉంటాయి.

ఇక రెండవ అభ్యంతరం. రాజకీయ జీవితాన్ని కాలక్రమంలో భాగాలుగా విడదీయడం అమరిక కిందికి వస్తుంది, అది మీ హక్కు. కానీ ఆ దశలకు 'తిరుగుబాటు', 'రాజీ', 'నిష్క్రమణ' వంటి పేర్లు పెట్టడం మదింపు అవుతుంది. పార్టీ మారిన కారణం విషయంలో కూడా అంతే. ఆయనకు టికెట్ దక్కలేదని ఒక మూలం చెబుతుంది, ఆయన పార్టీ వీడారని మరొకటి చెబుతుంది. రెండూ నిజమే కావచ్చు, కానీ మధ్యలో మీరు చేర్చిన 'అందువల్ల' అన్న మాటకు మూలం లేదు. ఆ మాట ఎవరైనా చరిత్రకారుడో, విశ్లేషకుడో అని ఉంటే వారి పేరు చెప్పి రాయండి. ఆయనే స్వయంగా చెప్పి ఉంటే, ఆయన అలా చెప్పారని రాయండి. ఎవరూ చెప్పకపోతే రెండు సంగతులను పక్కపక్కన, తేదీలతో, ముడి వేయకుండా వదిలేయండి.

సమాధానం — గ్రంథచీటీ

పాతదస్త్రం గారి వివరణతో చాలావరకు ఏకీభవిస్తాను కానీ, ఒక విషయంలో విభేదిస్తున్నాను. నకలు గురించిన భయం మన దగ్గర అవసరానికి మించి పెరిగింది. నిర్వహించిన పదవులు, గెలిచిన నియోజకవర్గాలు, వాటి తేదీలు చెప్పడానికి ఉన్నవి ఒకటి రెండు మార్గాలే. అలాంటి చోట ఇద్దరు రాసిన వాక్యాలు ఒకేలా ఉండక తప్పదు, అందులో ఎవరి సృజనా లేదు. 2007 చివరిలో ఈస్టర్న్ బుక్ కంపెనీ, డి.బి. మోదక్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు కూడా కేవలం శ్రమ పడినంత మాత్రాన కాపీహక్కు రాదని, కనీసమైన సృజన ఉండాలని అన్నది. పొడి వాక్యాలను కూడా బలవంతంగా తిప్పి రాయమని కొత్తవారిని వేధిస్తే, వారు అలంకారాలు చేర్చడం మొదలుపెడతారు. 'ఎన్నికయ్యారు' అన్నది 'విజయకేతనం ఎగరవేశారు' అవుతుంది, 'రాజీనామా చేశారు' అన్నది 'పదవిని తృణప్రాయంగా వదులుకున్నారు' అవుతుంది. మన నాయకుల వ్యాసాల్లో కనిపించే పొగడ్తల్లో కొంత భాగం అభిమానం వల్ల వచ్చినది కాదని, నకలు ఆరోపణను తప్పించుకునే ప్రయత్నంలో వచ్చినదని నా అనుమానం.

మరొక మాట. ఆత్మకథలను మూలంగా వాడేటప్పుడు ఏ భాగం ఎవరు రాశారో కూడా చూడాలి. ప్రకాశం పంతులు ఆత్మకథలో చివరిదైన నాలుగో భాగాన్ని రాసింది తెన్నేటి విశ్వనాథం. ఆ భాగంలోని సంగతిని 'ప్రకాశం తన ఆత్మకథలో ఇలా రాసుకున్నారు' అంటూ ఉటంకిస్తే, పుస్తకం సరైనదే అయినా సాక్షి మారిపోతాడు.

ప్రశ్న కొనసాగింపు — మూలాన్వేషి

ఇద్దరికీ ధన్యవాదాలు. కేసు గురించిన భాగాన్ని కోర్టు పేరుతో, తేదీతో, దశతో తిరిగి రాస్తున్నాను. మరో రెండు అడుగుతాను. ఈ రోజుల్లో చాలామంది మూలాన్ని కృత్రిమ మేధ పరికరానికి ఇచ్చి, వేరే మాటల్లో రాసిపెట్టమంటున్నారు. ఇందులో తప్పేమైనా ఉందా? రెండవది, ఆ నాయకుడి కార్యాలయంలో పనిచేసే వ్యక్తి నాకు సందేశం పంపి, అధికారిక జీవిత చరిత్ర తామే ఇస్తామని, అందులోని వాక్యాలను యథాతథంగా వాడుకోవడానికి లిఖితపూర్వకంగా అనుమతి కూడా ఇస్తామని అన్నారు. అలాగైతే నకలు సమస్యా ఉండదు, తప్పులూ ఉండవు కదా?

సమాధానం — సరిచూపు

మూలాన్వేషి గారూ, రెండవదానికి ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే దానికి దాదాపు అచ్చంగా సరిపోయే పూర్వోదాహరణ ఉంది. అమెరికా ప్రతినిధుల సభ సభ్యుడు మార్టీ మీహన్ సిబ్బంది 2005లో ఇంగ్లీషు వికీపీడియాలో ఆయన గురించి ఉన్న వ్యాసాన్ని తీసేసి, ఆ స్థానంలో కార్యాలయం తయారుచేసిన జీవిత చరిత్రను పెట్టారు. 2006 జనవరిలో అది పత్రికలకెక్కింది. వాళ్లు రాసుకున్నదాన్ని వాళ్లే పెట్టారు కనుక నకలు అనడానికి లేదు. కానీ నాలుగు దఫాలకు మించి పోటీ చేయనని ఆయన మొదట్లో ఇచ్చి, తరువాత నిలబెట్టుకోని మాట గురించిన ప్రస్తావన ఆ మార్పుతో మాయమైంది. ఏ వాక్యానికి ఆ వాక్యం సరిగానే ఉండి, మొత్తం మీద వ్యాసం తప్పు చిత్రాన్ని ఇవ్వడమంటే ఇదే. అనుమతి పత్రం వాక్యాలకు సంబంధించిన అడ్డంకిని మాత్రమే తొలగిస్తుంది. ఏమి వదిలేశారన్న ప్రశ్నకు అందులో సమాధానం ఉండదు. పైగా ఆ అనుమతి వికీపీడియాకు మాత్రమే పరిమితమైతే చెల్లదు. ఎవరైనా, వ్యాపారానికైనా, మార్చుకొని వాడుకోవచ్చునన్న ఉచిత లైసెన్సు కింద ఇవ్వాలి, ఆ సంగతి తెలిసిన తరువాత చాలా కార్యాలయాలు వెనక్కి తగ్గుతాయి. వాళ్లు పంపిన ప్రతిని తీసుకోండి, కానీ దాన్ని వ్యాసంగా కాక, వెతకవలసిన సంగతుల పట్టికగా వాడుకోండి. అందులోని ప్రతి సంగతికీ బయటి మూలం దొరకాలి. మీకు వారితో సంప్రదింపులు జరిగాయన్న విషయం చర్చా పేజీలో రాసిపెట్టండి.

కృత్రిమ మేధ గురించి క్లుప్తంగా: అది వాక్యాన్ని మార్చగలదు, మూలాన్ని చూసిన బాధ్యతను తీసుకోలేదు. పాతదస్త్రం గారు చెప్పిన దశల తేడాలు సాఫీ వాక్యంలో కరిగిపోతాయి, మూలంలో లేని విశేషణాలు వచ్చి చేరతాయి. తిరగరాసిన ప్రతి వాక్యాన్నీ మూలంతో పోల్చి చూసే ఓపిక మీకు ఉంటే, ఆ ఓపికతో మీరే రాయవచ్చు.

ఇంతవరకు ఎవరూ ఎత్తని ఒక సంగతి ఉంది. మీరు రెండు పత్రికలను రెండు మూలాలుగా లెక్కపెట్టారు. అవి నిజంగా రెండేనా? 2009 ఫిబ్రవరిలో కార్ల్ థియోడోర్ త్సు గుటెన్‌బర్గ్ జర్మనీ ఆర్థిక మంత్రి కాబోతున్న సమయంలో, అప్పటికే చాంతాడంత ఉన్న ఆయన పూర్తి పేరులో ఒక అజ్ఞాత వ్యక్తి 'విల్‌హెల్మ్' అన్న పేరును జర్మన్ వికీపీడియాలో చేర్చాడు. పెద్ద పత్రికలు, వార్తా సైట్లు ఆ పేరును అలాగే ఎత్తి రాశాయి. వికీపీడియాలో ఎవరో సందేహిస్తే, ఆ వార్తాకథనాన్నే మూలంగా చూపారు. మూలం వ్యాసాన్ని చూసి రాసింది, వ్యాసం మూలాన్ని చూపి నిలబడింది. నాయకుల విషయంలో ఇలా జరగడానికి అవకాశం ఎక్కువ. పదవి దక్కిన రోజునే, మరణించిన రోజునే విలేకరికి గంటలో జీవిత విశేషాలు కావలసి వస్తాయి. అప్పుడు అతడు తెరిచేది మన వ్యాసాన్నే. కనుక పత్రిక కథనం తేదీని, వ్యాసంలో ఆ సంగతి మొదట చేరిన తేదీని, మార్పులన్నీ నమోదయ్యే 'చరిత్ర' పేజీలో పోల్చి చూడండి. సంగతి ముందు వ్యాసంలో చేరి, కథనం తరువాత వచ్చి ఉంటే, ఆ ఒక్క సంగతి వరకు ఆ కథనాన్ని మూలంగా ఎంచకపోవడమే మంచిది. మీరు పని మొదలుపెట్టకముందే ఆ మొలకలో పుట్టిన తేదీ ఉందా, ఉంటే ఎవరు ఎప్పుడు చేర్చారు, మూలం ఇచ్చారా అన్నది కూడా చూడండి. పత్రిక ఇచ్చిన తేదీ అక్కడి నుంచి వచ్చినదే కావచ్చు.

గుటెన్‌బర్గ్ కథకు రెండవ భాగం కూడా ఉంది, అది ఈ చర్చకు మరీ దగ్గరిది. 2011 ఫిబ్రవరిలో, ఆయన రక్షణ మంత్రిగా ఉండగా, ఆయన డాక్టరేట్ సిద్ధాంత గ్రంథంలో చెప్పకుండా ఎత్తి రాసిన భాగాలున్నాయని ఆరోపణ వచ్చింది. పేరూ ఊరూ తెలియని అనేకమంది ఒక వికీ తెరిచి, ఆ గ్రంథాన్ని పుట తరువాత పుటగా పంచుకొని, ప్రతి అనుమానాస్పద వాక్యం పక్కన అసలు మూలాన్ని పుట సంఖ్యతో సహా ఉంచారు. బైరాయిట్ విశ్వవిద్యాలయం ఆ నెలలోనే డాక్టరేట్‌ను ఉపసంహరించుకుంది, మార్చి 1న ఆయన మంత్రి పదవికి రాజీనామా చేశారు. రెండేళ్ల కిందట ఆయన పేరునే తప్పుగా ప్రచారం చేసిన పద్ధతి, ఈసారి ఒక విశ్వవిద్యాలయం గమనించనిదాన్ని బయటపెట్టింది. రెండుసార్లూ రాసింది అజ్ఞాతులే. రెండవసారి ఏ వాక్యమూ పక్కన మూలం లేకుండా నిలవలేదు.

సమాధానం — పాతదస్త్రం

గ్రంథచీటీ గారి విభేదాన్ని అంగీకరిస్తాను. పదవుల పట్టికల విషయంలో నా మాట అక్కరలేని కాఠిన్యంతో వినిపించి ఉండవచ్చు. కానీ పరిచయ పుస్తకంలోని 'బాల్యం' భాగం పట్టిక కాదు, కథనం. అక్కడ మాత్రం నా అభిప్రాయం అదే.

పుట్టిన తేదీ గురించి ఎవరూ పూర్తిగా జవాబివ్వలేదు కనుక చెబుతాను. మీ దగ్గరున్న మూడింటిలో ఏదీ స్వతంత్ర సాక్ష్యం కాదన్నది మొదట గుర్తించాలి. చట్టసభల పరిచయ పుస్తకాల్లోని వివరాలు సాధారణంగా సభ్యులు తామే ఇచ్చినవి. అఫిడవిట్ కూడా అభ్యర్థి సొంత ప్రకటనే. సుప్రీంకోర్టు 2002, 2003 తీర్పుల తరువాత అభ్యర్థుల ఆస్తులు, కేసులు, విద్యార్హతలు ఓటరుకు తెలియాలన్న ఉద్దేశంతో అది తప్పనిసరి అయింది కానీ, అందులో అడిగేది వయసును, పుట్టిన తేదీని కాదు. నిండిన ఏళ్లు రాశారో, నడుస్తున్న ఏడు రాశారో తెలియదు కనుక, దాని నుంచి లెక్కగట్టిన పుట్టిన సంవత్సరం ఒక ఏడు అటూ ఇటూ కావచ్చు. పాత తరం వారికి బడిలో చేర్చేటప్పుడు ఉపాధ్యాయుడు వేసిన తేదీ ఒకటి, ఇంట్లో వారు చెప్పుకునే తేదీ మరొకటి ఉండడం మామూలే.

మామూలు కూడికలు, తీసివేతలు మౌలిక పరిశోధన కిందికి రావు. పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష 56 రోజులని కొన్నిచోట్ల, 58 రోజులని కొన్నిచోట్ల కనబడుతుంది. 1952 అక్టోబరు 19న మొదలై డిసెంబరు 15న ఆయన మరణంతో ముగిసిందన్న రెండు తేదీలకూ మూలాలు చూపగలిగితే, మొదటి రోజునూ చివరి రోజునూ కలిపి 58 అని లెక్క చెప్పడం తప్పు కాదు, ఎందుకంటే ఆ తేదీలు ఖాయం. మీ విషయంలో ఆధారమే ఊగుతోంది కనుక, దానిపై కట్టిన లెక్కను వ్యాసంలో పెట్టకూడదు. పైగా జీవించి ఉన్న వ్యక్తి పుట్టిన తేదీ వంటి సొంత వివరాలను ఇలాంటి ప్రాథమిక పత్రాల నుంచి నేరుగా తవ్వి తీయవద్దని ఇంగ్లీషు వికీపీడియా విధానం స్పష్టంగా చెబుతుంది. మనమూ దాన్ని పాటించడమే మేలు.

తేడాలన్నిటిలో ఒకదాన్ని ఎంచుకోవలసిందే అనుకోవడం కూడా పొరపాటే. పి.వి. నరసింహారావు స్వస్థలం లక్నేపల్లి అని కొందరు, వంగర అని కొందరు దిద్దుతుంటారు. ఆయన పుట్టింది లక్నేపల్లిలో, దత్తత వెళ్లి పెరిగింది వంగరలో. అక్కడ రెండు మూలాలూ నిజమే చెప్పాయి, వాటిని ఒకే గడిలో ఇరికించబోయిన సమాచారపెట్టె (వ్యాసం పక్కన ముఖ్య వివరాలు చూపే పట్టిక) వల్లనే తగాదా వచ్చింది. మీ నాయకుడి విషయంలో అలాంటి సమాధానం దొరుకుతుందో లేదో తెలియాలంటే, ఆయన తొలిసారి సభకు ఎన్నికైన కాలం నాటి పరిచయ పుస్తకాన్ని, తరువాతి సంచికలతో పోల్చి చూడండి. తేదీ ఏ సంచికలో మారిందో తెలిస్తే సగం సమస్య తీరుతుంది.

అంతవరకు వ్యాసంలో తేదీ లేకుండా, పుస్తకమూ పత్రికా ఏకీభవిస్తే సంవత్సరం మాత్రమే ఉంచండి. సంవత్సరం కూడా కలవకపోతే, పరిచయ పుస్తకం ఇలా అంటోందని, పత్రిక అలా అంటోందని పాదసూచికలో రాయండి. వికీపీడియాకు అనుబంధమైన సమాచార నిధి వికీడేటాలో ఒకే అంశానికి రెండు విలువలను, దేని మూలం దానికి జోడించి, ఉంచే వీలుంది; అక్కడ రెండూ చేర్చండి. అఫిడవిట్‌లోని వయసును చర్చా పేజీలో కూడా ఎత్తకండి. కేసు గురించిన భాగానికి మాత్రం అఫిడవిట్ పనికొస్తుంది, ఎందుకంటే అందులో పెండింగ్ కేసులు, శిక్ష పడిన కేసులు విడివిడిగా చూపాలి. కేసు సంగతికి ముందుగా పత్రికా మూలం ఉండి, అది ఏ దశలో ఉందో ఆయనే ఏమని ప్రకటించారో చెప్పవలసి వచ్చినప్పుడు, 'ఫలానా ఎన్నికల అఫిడవిట్‌లో ఆయన పేర్కొన్న ప్రకారం' అన్న మాటలతో ఆ వాక్యం మొదలుపెట్టండి.